కారు తలుపుల గడియలు, అద్దములు

పాత కారు గల యిండ్లలో నొక బాధ తఱచుగా గానవచ్చుచున్నది. మీట నొక్కినను అద్దము దిగదు; తాళము వేసినను ఒక తలుపు గడియ పడదు. మరమ్మతుశాలకు బోయినచో "మోటారు పోయినది, క్రొత్తది వేయవలె" నందురు. నెలజీతముతో గడపు మావంటి కుటుంబముల కా వ్యయము భారమే. వైద్యుడు నాడి చూడక మందీయడు గదా! ఆ నాడి చూచుట గృహిణుల కసాధ్యము గాదని మా యభిప్రాయము.

లోపమొక తలుపునకేనా, అన్నిటికినా యని మొదట విచారింపవలెను. అన్ని మోటార్లును ఒక్కనాడే చెడుట యరుదు. అన్ని యద్దములు నొకసారిగా నిలిచినచో ఫ్యూజును, రిలేను, బ్యాటరీని చూడవలెను. కాలిన ఫ్యూజు మీద నెన్ని యాంపియర్లని యున్నదో యన్నిటిదే వేయవలెను. సాధారణముగా పసుపుది 20, ఆకుపచ్చనిది 30. 20 ఉండవలసినచోట 30 వేసినను, రాగితీగ చుట్టినను అగ్నిభయము కలుగును. క్రొత్తదియు కాలినచో పనివానిని పిలువవలెను. డ్రైవరు అద్దము తప్ప తక్కినవి కదలనిచో, వానిని బంధించు మీట డ్రైవరు తలుపుమీద నుండును; పిల్లలు నొక్కియుందురేమో చూడుడు.

ఒక యద్దమే కదలనిచో మీట నొక్కి చెవి యొగ్గి వినుడు. మోటారు చప్పుడు వినవచ్చినచో విద్యుత్తు అందుచున్నదనియే యర్థము. అద్దమును మోయు రెగ్యులేటరు తీగ తెగియో, పండ్లచక్రము అరిగియో యుండును. చప్పుడు లేనిచో డ్రైవరువద్ద నున్న మీటతో ప్రయత్నింపుడు. అపుడు కదలినచో ఆ తలుపు మీటయే చెడినది. తలుపును మెల్లగా నాడించుచుండగా అద్దము కదలి యాగుచున్నచో, తలుపునకును బండికిని నడుమ రబ్బరు గొట్టములోని తీగ తెగియుండును. అద్దము బరువుగా నెక్కుచున్నచో రబ్బరు గాడిలోని దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే చల్లుడు. గ్రీజు రాయరాదు, అది దుమ్మును పట్టును.

గడియలకును ఇదే క్రమము. ఒక్క గడియయే పడనిచో ఆ తలుపులోని యాక్చుయేటరో, తీగయో చెడినది. తాళపుచెవికి పలికి రిమోటుకు పలుకనిచో రిమోటు బ్యాటరీ మార్చుడు. వెనుక తలుపు లోపలినుండి మాత్రమే రానిచో, తలుపు అంచుననున్న పిల్లల గడియను చూడుడు.

ఇది సొమ్ము సంగతి మాత్రమే గాదు. ఎండలో నిలిపిన కారులో 10 నిమిషములలోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగును. గడియ రాని కారులో బిడ్డ చిక్కిన నేమగునో తల్లులకు చెప్ప నక్కఱలేదు. రిమోటు అలవాటగుటచే తాళపురంధ్రము బిగిసిపోవచ్చును గనుక నెల కొకసారి తాళపుచెవితో తెఱచి చూడుడు. రెండవ చెవి యింట నుంచుడు. బిడ్డను క్షణమైనను కారులో నొంటిగా విడువకుడు. బిడ్డ చిక్కి గడియ రానిచో పనివానికై వేచియుండక, బిడ్డకు దూరముగా నున్న పక్క యద్దమును పగులగొట్టుడు. అద్దమును మరల కొనవచ్చును.