ఏ పాటకు ఏ స్పీకరు?

కువైట్ సిటీ నుంచి మీ పంతులమ్మ మళ్ళీ రాస్తున్నాను.

ఈ నెల ఒక ప్రశ్న. చాలా ఖరీదైన స్పీకర్లు కొంటే అన్ని పాటలూ బాగా వినిపిస్తాయా? వినిపించవు. ఎందుకో చూద్దాం.

ముందు మూడు మాటలు నేర్చుకోండి. మంద్రం అంటే లోతైన, తక్కువ స్వరం. తారం అంటే హెచ్చు స్వరం. రెండింటి నడుమ ఉన్నది మధ్యమం. స్పీకరు పెట్టెలో పెద్ద కోను మంద్రాన్ని, చిన్నది తారాన్ని పలికిస్తాయి. మనిషి గొంతు ఎక్కువగా మధ్యమంలో ఉంటుంది. కాని స, శ, ష అనే అక్షరాల శబ్దం రెండు వేల హెర్ట్జ్‌కు పైనే ఎక్కువ. మంద్రం మరీ ఎక్కువైతే ఈ అక్షరాలు మునిగిపోతాయి. అప్పుడు పాట వినిపిస్తుంది, మాట వినిపించదు. తెలుగు నేర్చుకునే మనకు అదే పెద్ద నష్టం.

ఇప్పుడు పేరున్న మూడు స్పీకర్లను చూడండి. మాయాబజార్ సినిమా వచ్చిన 1957లోనే ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ ఒక కొత్త స్పీకరు అమ్మింది. అందులో కోను లేదు. పలచని ప్లాస్టిక్ పొర విద్యుత్తుతో కదులుతుంది. గొంతు, వీణ, వయొలిన్ దానిలో ఎంతో స్పష్టం. వీణ తీగ మీటిన క్షణం, తరువాత మెల్లగా సాగే నాదం, రెండూ విడివిడిగా తెలుస్తాయి. కాని డప్పుల హోరు దానికి కుదరదు. గట్టిగా మోగలేదు, లోతైన మంద్రం తక్కువ.

అమెరికాలో 1946లో వచ్చిన క్లిప్ష్‌హార్న్ వేరే రకం. గది మూలలో పెట్టాలి. లోపల గరాటు ఆకారం ఉంటుంది. మన నాదస్వరం చివర కూడా గరాటే కదా! అందుకే కొద్ది విద్యుత్తుతోనే చాలా గట్టిగా మోగుతుంది. పెళ్ళి మేళానికి, నాదస్వరానికి, డోలుకు అది తగినది.

మూడవది బీబీసీవాళ్ళు 1970లలో చేసిన ఎల్‌ఎస్ 3/5ఎ. బయట ప్రసారాలు చేసే వ్యానులో పట్టేంత చిన్న పెట్టె. మనిషి గొంతును నమ్మకంగా వినిపించడమే దాని పని. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించి తెచ్చే లోతైన శబ్దం దానిలో పూర్తిగా రాదు. కాని హరికథలో మాట ఒక్కటీ జారదు.

ఇక్కడి సంగీతం కూడా ఇదే చెబుతుంది. కువైట్‌లో సౌత్ అనే పాటకు ఊద్, మిర్వాస్ అనే చిన్న చేతి డోలు, చప్పట్లు చాలు. చిన్న స్పీకరులో హాయిగా ఉంటుంది. గల్ఫ్ తీరంలో ముత్యాల వేటవాళ్ళ పాటల్లో జహ్లా అనే మట్టి కుండ మోగుతుంది. మన ఘటానికి చుట్టమే. బృందమంతా లోతైన గొంతుతో కలిసి పాడతారు. దానికి పెద్ద కోను కావాలి.

స్పీకరు కంటే ముందు గదిని చూడండి. ఇక్కడి ఫ్లాట్లలో నేల పలకలు, గోడ కాంక్రీటు, కిటికీకి పెద్ద అద్దం. చప్పట్లు కొడితే శబ్దం తిరిగి వస్తుంది. అటువంటి గదిలో ఏ స్పీకరైనా గోల చేస్తుంది. తివాచీ పరచండి, మందమైన తెర కట్టండి. లక్షలు పోయనక్కరలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? మన ఇళ్ళల్లో పాత క్యాసెట్లు ఉన్నాయి. దీపం చుట్టూ తిరుగుతూ పాడిన రామభజనాలు, తాతమ్మల పెళ్ళి పాటలు. తారం ఎక్కువ పలికే స్పీకరులో టేపు బుసబుస ముందుకు వస్తుంది. మంద్రం ఎక్కువైతే తాతమ్మ మాట అడుగున పడుతుంది. మధ్యమం బాగున్న చిన్న స్పీకరే ఆ క్యాసెట్లకు మేలు. ఆ మాటల అర్థం చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు ఉండగానే వినాలి.

ఈ నెల ఇంటిపని: ఒక పాత క్యాసెట్ పాటను రెండు స్పీకర్లలో వినండి. వినబడిన మాటలు తెలుగులో రాయండి. ఏ స్పీకరులో ఎక్కువ మాటలు దొరికాయో అదే మీకు మంచి స్పీకరు. దొరకని మాటలను ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.

సెలవు.