బాలుర గొంతుకు గురువు కావాలి

క్రిస్మసు దగ్గర పడగానే చర్చిల్లో పిల్లల చేత పాటలు పాడించడం ఆనవాయితీ. పండుగ వెళ్లగానే ఆ సాధన కూడా ఆగిపోతున్నది. మైకు, కీబోర్డు ఉంటే చాలు, పాట నేర్పే మనిషి అక్కరలేదనే ధోరణి ప్రబలింది. కౌకూర్ మొదలు మేడ్చల్, శామీర్‌పేట వరకు గల సంఘాల పెద్దలు ఈ విషయమై యోచించవలసి ఉన్నది.

మగపిల్లల సన్నని గొంతు నాలుగైదేళ్ల సొమ్ము మాత్రమే. ఏడెనిమిదేళ్లకు స్వరం నిలుస్తుంది. 12, 14 ఏళ్ల మధ్య సాధారణంగా గొంతు మారిపోతుంది. అదను దాటాక విత్తనం చల్లి లాభం లేదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పాటకూ అంతే.

ఐరోపా చర్చిలు ఈ సంగతి ఏనాడో గ్రహించాయి. వియన్నాలో బాలుర గాయక బృందం చరిత్ర 1498తో మొదలవుతుంది. అయితే అక్కడి పిల్లలు పాత పాటలే వల్లెవేస్తూ కూర్చోలేదు. 1959లో బెంజమిన్ బ్రిటెన్ అనే సంగీతకర్త లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్ బాలుర కోసం 'మిస్సా బ్రెవిస్' అనే ఆరాధన సంగీతాన్ని కూర్చాడు. పట్టుమని పది నిమిషాల రచన. పిల్లలు మూడు జట్లుగా విడిపోయి, ఒకే వేళ మూడు వేరువేరు వరుసలు పాడాలి. చెవికి కొత్తగా తగిలే స్వరాలు అందులో ఉన్నాయి. పక్కవాడి వరుసలోకి జారకుండా తన వరుస నిలబెట్టుకోవడం పుట్టుకతో వచ్చే విద్య కాదు, సాధనతో వచ్చేది. వారికి నేర్పిన గురువు జార్జి మాల్కమ్.

లాటిన్ పాటలు తెచ్చి మన పిల్లల నెత్తిన రుద్దమని ఎవరూ అనరు. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్ది కవులు రాగతాళాలతో కూర్చిన క్రైస్తవ కీర్తనలు మనకున్నాయి. ప్రజల సొంత సంగీతానికి ఆరాధనలో తగిన స్థానం ఇవ్వాలని వాటికన్ మహాసభ కూడా 1963లో ప్రకటించింది. ముందు కీర్తన రాగం తప్పకుండా రావాలి. తరువాత దానికి రెండవ వరుస జోడించవచ్చు. భజనలో తాళం పట్టిన ఊళ్లలో ఇది అసాధ్యమేమీ కాదు.

కౌకూర్‌కు చేరువలోని బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి అక్కడ ప్రార్థనకు వచ్చారు. రాణులు రావడం ఏనాటికో ఒకసారి. ఆదివారం మాత్రం వారం వారం వస్తుంది. పాట ఆ ఆదివారం కోసం సిద్ధం కావాలి.

మైకు సెట్టుకు వసూలు చేసే చందాలో కొంత తీసి, వారానికి రెండు సాయంత్రాలు నేర్పే ఉపాధ్యాయునికి ఇవ్వడం మేలు. ఒక హార్మోనియం చాలు. గొంతు మారుతున్న పిల్లవాణ్ణి పై స్థాయిలో అరిపించరాదు. కింది వరుసకు మార్చాలి. ఆడపిల్లలను విడిచిపెట్టరాదు. ఇంగ్లండులోని సాలిస్‌బరీ కెథీడ్రల్ సైతం 1991లో బాలికల బృందాన్ని నెలకొల్పింది.

వచ్చే ఏడు చూద్దామనుకుంటే అప్పటికి కొందరి గొంతు మారిపోయి ఉంటుంది. ఈ ఏటి పిల్లలకు ఈ ఏడే నేర్పాలి.