మోసేది వేరు... ఆపేది వేరు!

మా వీధి మలుపులో ఒక స్పీడ్‌బ్రేకర్ ఉంది. కార్లో నేనొక్కణ్నే ఉంటే నన్నేమీ అనదు. అత్తయ్య, మామయ్య, మా ఆవిడ, పాప ఎక్కి, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు మాత్రం కింద 'గర్ర్'మని గీకి పరువు తీస్తుంది. ఆ మధ్య పెళ్లికి బయల్దేరినప్పుడూ అంతే. ''మేం దిగి నాలుగడుగులు నడుస్తాంలే అల్లుడుగారూ'' అన్నారు అత్తయ్య.

అల్లుణ్ని కదా, రోషం వచ్చింది. మర్నాడే కారు యాక్సెసరీల దుకాణానికి వెళ్లా. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు దిమ్మలు చూపించారు. నాలుగు చక్రాలకీ వేస్తే కారు పైకి లేస్తుందన్నారు. నిజంగానే లేచింది. స్పీడ్‌బ్రేకర్ దగ్గర చప్పుడు మాయం. నా తెలివికి నేనే మురిసిపోయా.

ఆ మురిపెం శ్రీశైలం దారిలో మన్ననూరు దాటేదాకే. నల్లమలలో చినుకులు పడుతున్నాయి. ఘాట్ మలుపులో ఓ గుంత మీద బ్రేకు వేశానో లేదో, కారు వెనక భాగం ఎగిరెగిరి పక్కకు జరిగింది. ఎదురుగా బస్సు! మల్లన్న దయవల్ల ఏమీ కాలేదు. కానీ కొండ ఎక్కేదాకా వెనక సీట్లో ఎవరూ నోరు విప్పలేదు.

తిరిగొచ్చాక మా పాత మెకానిక్‌కి చూపించా. కారు వెనక మూలను రెండు చేతులతో బలంగా అదిమి వదిలాడు. ఒకసారి లేచి కుదురుకోవాల్సిన బండి మూడు నాలుగుసార్లు ఊగింది. ''సార్, స్ప్రింగు మోసేది. షాకబ్జార్బరు ఆపేది. మీరు మోసేదానికి బలం పెట్టించారు. ఆపేది ఎప్పుడో పోయింది'' అన్నాడు. చూస్తే షాకబ్జార్బరు నుంచి నూనె కారి, మట్టి అట్టలు కట్టి ఉంది. 80 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. ఒక్కనాడైనా వంగి చూస్తే కదా!

సంగతేమిటంటే... గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు నొక్కుకుని, ఆ శక్తిని తిరిగి విదిలిస్తుంది. షాకబ్జార్బరులోని నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరుతూ ఆ విదిలింపును వేడిగా మార్చి చల్లార్చేస్తుంది. స్ప్రింగు గట్టిపడేకొద్దీ దాన్ని ఆపేదానికీ సత్తువ పెరగాలి. లేదంటే టైరు రోడ్డును వదిలి గంతులేస్తుంది. టైరు నేలమీద లేనప్పుడు బ్రేకులెంత మంచివైతే ఏం లాభం? పైగా రబ్బరు దిమ్మ ఇరికించినచోట స్ప్రింగు పనిచేయదు. ఆ భారమంతా మిగతా చుట్లమీద పడుతుంది.

కాబట్టి కొత్త సామాను కొనేముందు మొదట గాలి సంగతి చూడండి. మనిషికి 65 కిలోల చొప్పున ఐదుగురు పెద్దవాళ్లంటే 325 కిలోలు. సామాను మరో 50. దాదాపు నాలుగు క్వింటాళ్లు! చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంత గాలి ఉండాలో వేరుగా రాసి ఉంటుంది. ఆ తర్వాత షాకబ్జార్బర్లు, బుష్‌లు చూపించుకోండి. పాడైతే ఒకవైపుది కాదు, జతగా మార్పించండి. ఆనక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. చాలా పాత బండ్లకు ఈమాత్రం చేస్తే చాలు, కొత్త కారెక్కినట్టుంటుంది.

అప్పటికీ తృప్తి లేకపోతే, మీ మోడల్ కోసమే చేసిన స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ ఒకదానికొకటి సరిపోయేలా సెట్టుగా తీసుకోవాలి. గ్యాస్ నింపిన రకాల్లో నూనె తొందరగా నురగ కట్టదు. గతుకుల దారిలో దూరప్రయాణాలు చేసేవారికి అవి నయం. ఇక కారును కిందకి దించే స్ప్రింగులంటారా? కుర్రాళ్లకు ముచ్చటే. కానీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లోని స్పీడ్‌బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మన కాలనీల్లో అదే ఎత్తును రెండడుగుల్లో లేపేస్తారు. కిందకి దించిన కారు వాటిని దాటేదెలా?

చట్టం మాటా మరిచిపోవద్దు. కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అరిగిన భాగం స్థానంలో అలాంటిదే వేసుకుంటే చిక్కులేదు. ఎత్తు పెంచడం, తగ్గించడం జోలికి వెళితే మాత్రం ఆర్టీఏ దగ్గరా, బీమా క్లెయిము దగ్గరా ఇబ్బంది రావచ్చు.

నేను రబ్బరు దిమ్మలు తీయించేసి, నాలుగు షాకబ్జార్బర్లూ కంపెనీవే వేయించా. కారు ఇప్పుడు గంతులేయదు. ఐదుగురం ఎక్కితే మాత్రం ఆ స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఎప్పుడైనా చిన్నగా గీకుతుంది. నెమ్మదిగా, ఏటవాలుగా ఎక్కిస్తా. మరీ ఇబ్బందైతే అత్తయ్య దిగి నాలుగడుగులు నడుస్తారు. పరువుదేముంది... ప్రాణం కన్నానా!