బస్సు ఎవరు నడపవలెను?

ఉదయము ఎనిమిది గంటలకు పల్లె పొలిమేరలోని రావిచెట్టు క్రింద నలుగురు నిలిచియుందురు. ఉన్నత పాఠశాలకు పోవు బాలిక యొకతె. ఆసుపత్రికి బయలుదేరిన వృద్ధుడు. కూరగాయల గంపతో ఒక రైతు స్త్రీ. పట్టణమున కూలిపనికి పోవు యువకుడు. ఈ నలుగురి టిక్కెట్ల సొమ్ము ఆ బస్సునకు పోసిన డీజిలుకైనను చాలదు. అయినను బస్సు రావలెనా, వలదా? రావలెనన్నచో ఆ నష్టమును భరించువారెవరు? బస్సులను ప్రభుత్వము నడపవలెనా, ప్రైవేటు యజమానులకు విడిచిపెట్టవలెనా యను వాదమంతయు నిజమునకు ఈ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది.

తెలుగునాట ఈ రెండు పద్ధతులును ఒకప్పుడు ప్రక్కప్రక్కనే సాగినవి. నిజాము రాజ్యమున 1932లో రైల్వేకు అనుబంధముగా ప్రభుత్వమే బస్సులు నడప మొదలిడెను. ఆనాడున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. మద్రాసు రాష్ట్రమున చేరియుండిన ఆంధ్ర జిల్లాలలో మాత్రము బస్సులు చాలవరకు ప్రైవేటు యజమానులవి. వారి సాహసమును తక్కువగా ఎంచరాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు, బండికి బొగ్గుకొలిమిని తగిలించి, ఆ వాయువుతోనే బస్సులు నడిపిరి. మిట్ట వచ్చినచోట ప్రయాణికులు దిగి నెట్టవలసి వచ్చినను ఊరికి బస్సు వచ్చినదన్న సంతోషము ముందు అదియొక శ్రమగా తోచలేదు. అయితే వ్యాపారి వ్యాపారియే. జనము క్రిక్కిరిసిన దారి అతనికి ప్రీతి. నలుగురు నిలిచిన రావిచెట్టు అతనికి దండుగ. అది అతని దోషము కాదు, లాభముపై ఆధారపడిన వృత్తి స్వభావము.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. కృష్ణా జిల్లాలోని దారులను ఆ సంస్థకు అప్పగింపబూనగా, అచటి బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు పోయిరి. వారి అభ్యంతరములను విన్నది శాఖా కార్యదర్శి. నిర్ణయము చేసినది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తీర్పు చెప్పువాడు మరియొకడైనచో అది విచారణ కానేరదని కోర్టు ఆ సంవత్సరము నవంబరులో ప్రభుత్వ నిర్ణయమును కొట్టివేసెను. పిమ్మట ముఖ్యమంత్రి స్వయముగా అభ్యంతరములను విని నిర్ణయింపగా, 1959లో కోర్టు దానిని నిలిపినది. ప్రజల మేలు కొరకే యైనను ఒకరి జీవనాధారమును తీసికొనునప్పుడు ప్రభుత్వము న్యాయమార్గము తప్పరాదని ఈ వ్యాజ్యము తెలిపినది.

ప్రభుత్వ సంస్థ చేతిలో దారులన్నియు ఉన్నందువలన కలుగు లాభమేమి? హైదరాబాదు, విజయవాడల నడుమ నిండుగా పోవు బస్సు ఆర్జించిన దానిలో కొంత పల్లె బస్సు నష్టమును పూడ్చును. రాబడిగల దారులను ఇతరులకు విడిచి, రాబడిలేని వానిని సంస్థకు మిగిల్చినచో ఈ సర్దుబాటునకు తావుండదు. వెన్న యొకరికి, మజ్జిగ యొకరికి పంచి, మజ్జిగ పలుచనైనదని నిందించుట వంటిది అది.

బ్రిటనులో ఈ ప్రయోగము జరిగినది. 1986 అక్టోబరు నుండి లండను వెలుపల ఏ కంపెనీ యైనను తన కిష్టమైన దారిలో బస్సు నడపవచ్చునని అనుమతించిరి. రద్దీ దారులలో కంపెనీలు పోటీపడినవి. గిట్టుబాటు కాని దారులకు స్థానిక సంస్థలు సొమ్ము చెల్లించి బస్సులు వేయించవలసి వచ్చెను. మాంచెస్టరు మహానగర ప్రాంతము 2023 సెప్టెంబరులో ఆరంభించి 2025 జనవరి నాటికి బస్సులన్నిటిని తిరిగి ప్రజాసంస్థ అదుపులోనికి తెచ్చుకొన్నది. అచట బండ్లు నడపువారు నేటికిని కంపెనీలవారే. కాని దారిని, వేళను, ఛార్జీని నిర్ణయించునది ప్రజాసంస్థ. మన ఆర్టీసీలోని అద్దె బస్సులును ఇంచుమించు ఇట్టివే. కాబట్టి బండి ఎవరిదన్న దానికంటె, అది ఏ ఊరికి ఏ వేళకు పోవలెనో నిర్ణయించు అధికార మెవరిదన్నదే ముఖ్యము.

ప్రభుత్వ సంస్థలో అలసత్వము లేదా యని అడుగువారు కలరు. ఉన్నది. వేళ తప్పిన బస్సులు, విరిగిన కిటికీలు, మార్గమధ్యమున ఆగిపోవు బండ్లు ఎవరికి తెలియవు? స్వంతదారుని కన్ను పడినచోట పని చురుకుగా సాగుననుటయు నిజమే. ఇవి గట్టి తనిఖీతోను, మంచి యాజమాన్యముతోను సరిదిద్దదగినవి. నష్టము మాటలో మాత్రము సంస్థకు కొంత అన్యాయము జరుగుచున్నది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము చాలినంత సేవను సమర్థముగా అందించుమనియు చెప్పెను. వ్యాపార సూత్రముల ననుసరించి నడుచుకొనుమనియు చెప్పెను. ఒకే చట్టములోని ఈ రెండు ఆజ్ఞలు పల్లెదారి యందు ఒకదానికొకటి ఎదురుపడును. పాఠశాలను లాభము చూపుమని ఎవరును అడుగరు. ఆ పాఠశాలకు పిల్లలను చేర్చు బస్సును మాత్రము అడుగుదురు!

ఈ చిక్కు కాగితముపై నిలిచిపోలేదు. 2019లో తెలంగాణలో ఆర్టీసీ కార్మికులు సంస్థను ప్రభుత్వములో విలీనము చేయుమని కోరుచు యాభై దినములకు పైగా సమ్మె చేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. ఆడపిల్లల చదువునకును, కూలిపనికి పోవు తల్లులకును ఇది గొప్ప ఆసరా. కాని ఉచితమన్నది ఎక్కినవారికే గాని బండికి కాదు. డీజిలు కొనవలెను, చక్రములు మార్చవలెను, డ్రైవరునకు జీతమీయవలెను. ప్రభుత్వము ఆజ్ఞాపించిన సేవకు ప్రభుత్వమే వెల చెల్లించుట ధర్మము. బస్సెక్కని ధనికుడు నేనేల పన్ను కట్టవలెనని అడుగవచ్చును. అతని దుకాణమునకు వచ్చు గుమస్తా, అతని ఇంటికి వచ్చు పనిమనిషి దిగివచ్చునది ఆ బస్సులోనుండియే.

కండక్టరు స్త్రీలకిచ్చు సున్న రూపాయల టిక్కెట్టు వెనుక ఒక మొత్తము దాగియున్నది. అది ఖజానానుండి నెలనెల సంస్థకు చేరవలెను. ఆలస్యమైన కొలది సంస్థ అప్పు చేయును. పాతబండ్లకు మారుగా క్రొత్తవి కొనుట వాయిదాపడును. ఆ చెల్లింపుల లెక్కను, ఏ పల్లెదారికి ఎంత వ్యయమగుచున్నదన్న లెక్కను ప్రతి సంవత్సరము బడ్జెటుతోపాటు డిపోల వారీగా ప్రకటించినచో, శాసనసభలో సభ్యులును, ఊరిలో ప్రజలును సంస్థ చేతగానితనమువలన కలిగిన నష్టమేదో, సేవకొరకు భరించిన వ్యయమేదో వేరుపరచి చూడగలరు.