అద్దాల మధ్య ఆవిరి మా వంటింటిది కాదు

పోయిన చలికాలమంతా మా ఇంట్లో ఒకటే మాట. "అత్తయ్యా, గిన్నె మీద మూత పెట్టండి." "అత్తయ్యా, ఆ ఫ్యాన్ వేయండి." పాపం, ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చిన మనిషి, చివరికి ఇడ్లీ కుక్కర్ తీయడమే మానేశారు.

కారణం వెనక గది కిటికీ. రెండు అద్దాల మధ్య తెల్లటి పొర కమ్మేసింది. లోపల తుడిచినా పోదు, బయట తుడిచినా పోదు. డబుల్ గ్లేజింగ్ వేయించి అప్పటికి నాలుగేళ్లే. వేసిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు. కిటికీ కంటే ముందు పొయ్యి మీద సాంబారు చూశాడు. "మీ ఇంట్లో వంట ఎక్కువ కదా, ఆ ఆవిరే ఇది. కిటికీలు తెరిచి పెట్టుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను నమ్మేశాను. మన వంట మాట ఎత్తగానే ఇక్కడ మనకి ముందే కాస్త బెరుకు కదా!

వేసవిలో తలుపు హ్యాండిల్ మార్చడానికి వచ్చిన ఓ పెద్దాయన ఆ కిటికీ చూసి నవ్వాడు. "చుట్టూ సీలు వేసిన అద్దాల మధ్యకి మీ కూర ఆవిరి ఎలా వెళుతుందమ్మా?" అన్నాడు. ఆయన చెప్పింది మీకూ చెబుతాను.

తేమ ఎక్కడుందో ముందు వేలితో రుద్ది చూడండి. గది వైపు ఉంటే అది మన ఆవిరే. వంట, స్నానాలు, ఇంట్లో ఆరేసిన బట్టలు, వీటివల్ల వస్తుంది. ఫ్యాన్ వేస్తే, కాసేపు కిటికీ తీస్తే తగ్గుతుంది. పొద్దున్నే బయటి వైపు ఉంటే కంగారు పడకండి, ఇంట్లో వేడి బయటికి పోవడం లేదని అర్థం. రెండు వైపులా రుద్దినా పోకపోతే అది అద్దాల మధ్య ఉన్నట్టు. అంటే సీలు పోయింది. దానికీ మన పొయ్యికీ సంబంధం లేదు.

రెండు అద్దాల మధ్య అంచు చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. దాన్ని స్పేసర్ బార్ అంటారు. అందులో తేమ పీల్చే గుళికలు పోస్తారు, కొత్త బూట్ల పెట్టెలో చిన్న పొట్లం ఉంటుందే, అలాంటివి. పట్టీకి బయట జిగురు లాంటి సీలు. ఎండకి లోపలి గాలి ఉబ్బుతుంది, రాత్రి కుంచించుకుపోతుంది. సీలు రోజూ ఆ లాగుడు తట్టుకోవాలి. తట్టుకుంటుంది కూడా, సరిగ్గా అమరిస్తే 20 ఏళ్లయినా. కానీ నీళ్లలో నానడం మాత్రం తట్టుకోలేదు.

వాన పడితే ఫ్రేములోకి కొంచెం నీరు దిగడం మామూలే. అది బయటికి పోవడానికే ఫ్రేము కింద చిన్న కన్నాలు పెడతారు. అద్దం ఆ నీళ్లలో కూర్చోకుండా కింద ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి కాస్త ఎత్తుతారు, వాటినే ప్యాకర్లు అంటారు. మా కిటికీలో ఆ పెద్దాయన బీడింగ్ ఊడదీసి చూస్తే ప్యాకర్ ఒక్కటంటే ఒక్కటి లేదు. పైగా బయట సీలంట్ పూసినతను కన్నాల మీద కూడా నున్నగా పూసేశాడు. నాలుగేళ్లుగా అద్దం అంచు నీళ్లలో నానుతోంది. సీలు వదిలింది, గుళికలు పీల్చగలిగినంత పీల్చి ఊరుకున్నాయి, ఆ తర్వాత పొర కనబడింది. అద్దం మంచిదే, బిగించడమే పాడు.

మీరూ ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. కిటికీ తెరిచి, ఫ్రేము అడుగున ఉన్న గాడిలో అర గ్లాసు నీళ్లు పోయండి. కాసేపట్లో బయటి కన్నాల్లోంచి కారాలి. కారకపోతే మట్టి, నాచు పట్టిందేమో ఒక పుల్లతో తీసి చూడండి.

మళ్లీ కంపెనీకి రాశాను. ఈసారి ఫోటోలు పెట్టాను. పని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలని 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ చెబుతోందనీ, ఇంగ్లాండ్‌లో ఆరేళ్ల దాకా దావా వేసే వీలుందనీ రాశాను. మూడో ఉత్తరానికి దారికొచ్చారు. కిటికీ మొత్తం మార్చక్కర్లేదు, ఫ్రేము బాగుంటే అద్దాల జత మారిస్తే చాలు. ప్యాకర్లు పెట్టేదాకా పక్కనే నిలబడ్డాను.

కొత్తగా వేయించేవాళ్లు ధర ఒక్కటే అడగకండి. ప్యాకర్లు పెడతారా, నీళ్లు పోయే దారి ఎక్కడ, గ్యారంటీలో ఫ్రేముకి ఎన్నేళ్లు, అద్దానికి ఎన్నేళ్లు, కంపెనీ మూతబడితే ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 2002 ఏప్రిల్ తర్వాత మార్చిన కిటికీలకి ఫెన్సా లాంటి సర్టిఫికెట్ గానీ, కౌన్సిల్ కాగితం గానీ ఉండాలి. ఇల్లు అమ్మేటప్పుడు లాయరు అడుగుతాడు. అయితే అది నిబంధనల ప్రకారం వేశారని చెప్పే కాగితం, గ్యారంటీ విడిగా తీసుకోవాలి. ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చే ముందే ఆ అర గ్లాసు నీళ్ల పరీక్ష చేయండి. వేరే దేశంలో ఉన్నవాళ్లకి చట్టాలు మారతాయేమో గానీ, నీళ్ల సంగతి ఎక్కడైనా ఒకటే.

కొత్త అద్దాలు వచ్చిన రోజు అత్తయ్యకి వీడియో కాల్ చేసి చూపించాను. "తప్పు మీది కాదత్తయ్యా, నేనే అనవసరంగా అన్నాను" అన్నాను. ఆవిడ కాసేపు కిటికీ వైపే చూశారు.

"పోనీలే అమ్మాయ్. ఈసారి వచ్చినప్పుడు మూత తీసే వండుతాను" అన్నారు.