చూసే పళ్లు, తినే పళ్లు

కోత పండుగ, పెళ్లిళ్లు వచ్చాయంటే మన సంఘాల్లో పళ్ల అలంకరణ మీద మోజు ఎక్కువ. పుచ్చకాయను పువ్వులా చెక్కి, బొప్పాయి, పైనాపిల్ ముక్కలు పుల్లలకు గుచ్చి పొద్దున్నే నిలబెడతాం. ఆరాధన, ప్రసంగాలు, ఫొటోలు ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈగలు మనకంటే ముందే విందు చేసుకుంటాయి! కోసిన పండును 2 గంటలకు మించి బయట ఉంచకూడదు. కాబట్టి చెక్కిన కాయ చూడటానికే అని మా అభిప్రాయం. జామ, కమలా, ద్రాక్ష గుత్తులు, అరటి గెల కడిగి కోయకుండానే పేర్చండి, అందానికేమీ లోటుండదు. ముక్కలు వడ్డించే వేళకు కోయండి. పుచ్చకాయ తొక్కను కూడా కడగాలి, కత్తి దాని మీదుగానే లోపలికి దిగుతుంది. మిగిలిన పళ్లు వార్డుకు తెచ్చేవారికి ఒక మనవి: కిడ్నీ జబ్బున్నవారికి అరటిపండు ఇచ్చేముందు సిస్టరమ్మను అడగండి. అందులోని పొటాషియం వారికి ప్రమాదం కావచ్చు.