దాణా బజారు: శాతం ఒక్కటే చూసి బేరం తగదు

దాణా బజారులో చెక్కలకు గట్టి పోటీ వచ్చి పడినది. బియ్యం, మొక్కజొన్నల నుంచి ఇథనాల్ తీయగా మిగిలే ఎండు పిప్పి విరివిగా దిగుతున్నందున సోయా, వేరుశనగ చెక్కల గిరాకీ దెబ్బతిన్నది. వర్తకులు డి.డి.జి.ఎస్. అనే సరుకు ఇదే. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2025లోనే నెరవేరినందున దీని రాక ఇప్పట్లో తగ్గే సూచన లేదు. చవకగా దొరికే మాంసకృత్తులను కాదనవలసిన పని లేదు. కాని బేరమంతా మాంసకృత్తుల శాతం ఒక్కదానిపైనే సాగుతున్నది. ఇది సరికాదు.

ఆ శాతం నత్రజనిని 6.25తో హెచ్చవేసి రాబట్టిన లెక్క మాత్రమే. ఆ లెక్కన 46 శాతం నత్రజని గల యూరియాలో 287 శాతం మాంసకృత్తులు ఉన్నట్లు! బస్తాలో కాస్త యూరియా కలిపినా శాతం పెరిగిపోతుంది.

పైగా పశువు తినేది వేరు, పేగులకు అందేది వేరు. మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని మాంసకృత్తులను విరిచి, ఆ నత్రజనితో తాము పెరిగి, చివరకు పేగులలో జీర్ణమై పశువుకు మాంసకృత్తులవుతాయి. గడ్డిని అరిగించేదీ అవే. వేరుశనగ చెక్కలో అధిక భాగం ఈ జీవులకే ఆహారం. మొక్కజొన్న పిప్పిలో సుమారు సగం వాటికి చిక్కక నేరుగా పేగులకు దిగుతుంది. వరిగడ్డిలో ఉండే మాంసకృత్తులు 3, 4 శాతమే. గడ్డి మేపుతూ చెక్క పూర్తిగా మాని పిప్పి ఒక్కటే పెడితే సూక్ష్మజీవులకు కరువు వచ్చి గడ్డి సరిగా అరగదు. పాలు బాగా ఇచ్చే గేదెకు నేరుగా దిగే భాగం లాభమే. పూటకు రెండు లీటర్ల పాడికి ఒరిగేది స్వల్పం.

మరొక సంగతి. ధాన్యంలోని పిండి పదార్థం పులిసి పోగా మిగిలినవన్నీ సుమారు మూడింతలు చిక్కబడతాయి. మాంసకృత్తులతోపాటు బూజు విషమైన అఫ్లాటాక్సిన్ కూడా అంతే. అది పాలలోకి దిగుతుంది. పాలలో దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము. వేరుశనగ చెక్కకూ ఈ బెడద కొత్త కాదు. అతిగా వేడిచేసి ఎండబెట్టిన పిప్పి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. కాగితంపై శాతం తగ్గకున్నా పశువుకు అరగదు.

కనుక ప్రతి బస్తాపై మాంసకృత్తులతోపాటు తేమ, యూరియా, అఫ్లాటాక్సిన్ అంకెలు ముద్రించాలి. పాల సంఘాలు దీనిని కొనుగోలు షరతుగా పెట్టాలి. రైతులు చెక్కను కొంత ఉంచి, మిగతా పిప్పి కలుపుకొనడం మేలు. క్వింటాలుకు మిగిలిన రూకలు పాల కొలతలో పోతే ఆ నష్టం వర్తకునిది కాదు, పాడి రైతుది.